గిటార్ మీద నాలుగు గొంతులు



హాస్టల్ గదిలోనో, మేడ మీద పుట్టినరోజు పార్టీలోనో ఎవరో ఒకరు గిటార్ బయటికి తీస్తారు. జీ, సీ, డీ, ఈ మైనర్... ఈ నాలుగు కార్డ్‌లు, అంటే కలిసి మోగే స్వరాల గుత్తులు, వచ్చినవాడు సగం సినిమా పాటలకు తోడు వాయించేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పాడతారు, ఇతను స్ట్రమ్మింగ్ చేస్తాడు, సాయంత్రం హాయిగా గడిచిపోతుంది. అందరూ వెళ్ళిపోయాక అదే పాటను ఒక్కడే వాయించుకుందామని కూర్చుంటే అప్పుడొస్తుంది చిక్కు. కార్డ్‌లు వినిపిస్తాయి, పాట వినిపించదు. అదేం పాటో పక్క గదిలోవాళ్ళు చెప్పలేరు, ఎందుకంటే అవే నాలుగు కార్డ్‌లు ఇంకో వంద పాటలకూ సరిపోతాయి. సరే, కార్డ్‌లు మానేసి వరసనే తీగ మీద మీటుదామంటే పాటను గుర్తుపడతారు గానీ, ఇందాకటి నిండుదనం ఉండదు.

ఈ రెండూ కలిపి ఒక్కడే వాయించడాన్ని గిటార్ వాళ్ళు కార్డ్ మెలొడీ అంటారు. పైన పాట వరస, దాని కింద కార్డ్ స్వరాలు, వీలైతే అడుగున ఒక బేస్. అన్నీ ఆ ఆరు తీగల మీదే, ఆ నాలుగు వేళ్ళతోనే. గిటార్ నా ఒళ్ళోనే ఉంది, మాట్లాడుతూ మధ్యమధ్యలో వాయిస్తాను. పాశ్చాత్య నొటేషన్ చదవడం రాదని బెంగపడకండి, నేను సరిగమల్లోనే చెబుతాను. ఇంట్లో గిటార్ ఉన్నవాళ్ళు ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఇవాళ దీన్ని ఎక్కువమంది బొమ్మలుగా నేర్చుకుంటున్నారు. తీగలకు ఆరు నిలువు గీతలు, ఫ్రెట్‌లకు నాలుగైదు అడ్డగీతలు, వేలు పెట్టాల్సిన చోట ఒక నల్ల చుక్క. వీడియోలో చూసి ఆ చుక్కలను వరసగా బట్టీ పడతారు. పాట వస్తుంది, ఆ ఒక్క పాటే వస్తుంది. ఇంకో పాట కావాలంటే ఇంకో వీడియో. ఏళ్ళ తరబడి అలా బట్టీ పట్టినవాళ్ళకు కూడా ఒక చిన్న వరస ఇచ్చి దీని కింద నువ్వే కార్డ్‌లు పెట్టు అంటే చెయ్యి ఆడదు. మొహమాటం లేకుండా నా అభిప్రాయం చెబుతాను. కార్డ్‌ను వేళ్ళ ఆకారంగా చూసినంత కాలం కార్డ్ మెలొడీ రాదు. కార్డ్‌లోని ప్రతి స్వరాన్నీ ఒక గొంతుగా వినాలి. ఆ గొంతు ఈ కార్డ్‌లో ఎక్కడుంది, తర్వాతి కార్డ్‌లో ఎక్కడికి వెళ్ళింది, అది వినాలి. ఆ నడకనే వాయిస్ లీడింగ్ అంటారు.

ఒక ఉదాహరణ వాయిస్తాను. సీ స్వరాన్ని షడ్జం అనుకుందాం. అప్పుడు పాశ్చాత్యుల సీ మేజర్ స్కేలు, గమకాల మాట పక్కన పెడితే, మన 29వ మేళకర్త శంకరాభరణం స్వరాలే. ఇందులో మూడు కార్డ్‌లు తీసుకుంటాను. రిషభం మీద కట్టిన డీ మైనర్ సెవెన్, పంచమం మీద కట్టిన జీ సెవెన్, షడ్జం మీద కట్టిన సీ మేజర్ సెవెన్. జాజ్ వాళ్ళు ఈ మూడింటి వరసను టూ ఫైవ్ వన్ అంటారు. వాళ్ళ పాటల్లో ఎక్కడ చెయ్యి పెట్టినా ఇదే తగులుతుంది. మొదట మామూలు బార్ కార్డ్‌లతో వినండి.

(గిటార్: మూడు బార్ కార్డ్‌లు)

తప్పేమీ లేదు. కాకపోతే చెయ్యి మొత్తంగా అయిదో ఫ్రెట్ నుంచి లేచి మూడో ఫ్రెట్ దగ్గర వాలింది. మొదటి కార్డ్‌లో మోగిన మధ్యమం రెండో కార్డ్‌లో ఏమైందో మీ చెవి పట్టుకోగలిగిందా? నాకైతే పట్టుకోవడం కష్టం, వాయించింది నేనే అయినా. ఆర్టీసీ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి ఇంకొకరొస్తే కూర్చున్నవాళ్ళు కాస్త కాస్త జరుగుతారు గానీ, అందరూ లేచి నిలబడి కొత్తగా సీట్లు వెతుక్కోరు కదా. కార్డ్ మారేటప్పుడు స్వరాలు కూడా అలాగే జరగాలి. ఉన్నచోట ఉండగలిగిన స్వరం ఉండిపోవాలి, ఉండలేనిది దగ్గర్లోని స్వరానికి జరగాలి.

ఇప్పుడు అవే మూడు కార్డ్‌లను ఆ పద్ధతిలో వాయిస్తాను, పై నాలుగు తీగల మీదే. సన్నతీగ మొదటిది. రాసుకునేవాళ్ళు రాసుకోండి. నాలుగో తీగ ఏడో ఫ్రెట్, అది ద. మూడో తీగ కూడా ఏడో ఫ్రెట్టే, అది రి. రెండో తీగ ఆరో ఫ్రెట్, మ. మొదటి తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద చిటికెన వేలు, స. కింది నుంచి పైకి ద, రి, మ, స.

(గిటార్: మొదటి కార్డ్)

ఇప్పుడు చిటికెన వేలొక్కటే ఒక్క ఫ్రెట్ వెనక్కి జరుగుతుంది. స కాస్తా ని అయింది. మిగతా మూడు వేళ్ళు కదల్లేదు. ద, రి, మ, ని.

(గిటార్: రెండో కార్డ్)

ఇందులో పంచమం లేదు, పంచమం మీది కార్డ్‌లో పంచమమే లేకపోతే ఎలా అని అడుగుతారేమో. పక్కన బేస్ వాయించేవాడుంటే అతను ఇస్తాడు. లేకపోయినా ఇబ్బంది లేదు, మ, ని రెండూ కలిసి మోగితే పుట్టే ఆ బిగువే ఇది ఏ కార్డో చెప్పేస్తుంది. నిజానికి కార్డ్‌లో ముందుగా తీసేయదగ్గవి దాని పేరున్న స్వరం, దానికి అయిదోది. పేరు చూసి భయపడి అన్నీ ఉంచాలనుకుంటే వేళ్ళు చాలవు.

ఇక మూడో కార్డ్. చిటికెన వేలు ఏడో ఫ్రెట్‌లో ఉన్నచోటే ఉంచండి. చూపుడువేలిని అయిదో ఫ్రెట్‌లో నాలుగు, మూడు, రెండు తీగల మీద అడ్డంగా పరవండి. ప, స, గ, ని.

(గిటార్: మూడో కార్డ్, తర్వాత మూడూ వరసగా)

ఇప్పుడు ఒక్కో తీగనూ విడిగా చూద్దాం. మొదటి తీగ పాడింది స, ని, ని. రెండో తీగ మ, మ, గ. మూడో తీగ రి, రి, స. నాలుగో తీగ ద, ద, ప. ఒక్కో గొంతు బయల్దేరిన చోటు, చేరిన చోటు మాత్రం తీసుకోండి. స నుంచి ని. ద నుంచి ప. మ నుంచి గ. రి నుంచి స. ఇదే వరసలో కలిపి చదవండి: స ని ద ప మ గ రి స.

శంకరాభరణం అవరోహణ! నలుగురు తలా రెండు స్వరాలు పంచుకుని ఒకేచోట నిలబడి పాడారు. ఇందులో మాయ లేదు, కొంచెం లెక్క ఉంది. రిషభం మీది కార్డ్‌లో రి, మ, ద, స. షడ్జం మీది కార్డ్‌లో స, గ, ప, ని. షడ్జం ఒక్కటే రెంటిలోనూ ఉంది, మిగతా ఆరు స్వరాలూ చెరి మూడు. కాబట్టి నాలుగు గొంతులూ తలా ఒక మెట్టు దిగితే రాగం మొత్తం దిగినట్టే. జాజ్ పుస్తకాల్లో ఇది ఇలా కనిపించదు, వాళ్ళు దీన్ని అవరోహణగా చూడరు. మనకు చూడగానే కనిపిస్తుంది.

హార్మొనీ మన సంగీతంలో లేదు కాబట్టి అది మన చెవికి ఎక్కదని తరచుగా అంటుంటారు. నేను ఒప్పుకోను. ఒక గొంతు వెంట చెవి పెట్టి, అది ఎక్కడ ఆగింది, ఎక్కడ వంగింది, ఎక్కడ వాలింది అని చివరిదాకా పోవడం మనకు బాగా తెలిసిన పని. రేడియోలో కచేరీ వింటూ మనం చేసేది అదే. వాయిస్ లీడింగ్ కూడా అదే పని అడుగుతుంది, నాలుగు గొంతులకు విడివిడిగా అడుగుతుంది. అందుకే సాధన కూడా పాడుతూ చెయ్యమంటాను. నాలుగు తీగలూ వాయిస్తూ పై గొంతు ఒక్కటి పాడండి: స, ని, ని. అది తేలిక. తర్వాత అడుగు గొంతు: ద, ద, ప. అదీ వస్తుంది. మధ్య గొంతులు పాడటం మొదలుపెట్టండి, అప్పుడు తెలుస్తుంది. మ, మ, గ అని పాడబోతే పైనున్న నిషాదం లాగేస్తుంది. లాగనివ్వకుండా పాడగలిగిన రోజున ఆ కార్డ్ మీకు వచ్చినట్టు. అంతవరకూ అది వేళ్ళకు వచ్చింది, మీకు రాలేదు.

వాయిస్ లీడింగ్ అనే ఈ విద్య గిటార్‌ది కాదు, చర్చి గాయక బృందాలది. దానికి పేరుమోసిన పాఠ్యపుస్తకం ఒకటుంది. యోహాన్ యోసెఫ్ ఫుక్స్ అనే ఆస్థాన సంగీతకారుడు 1725లో వియన్నాలో లాటిన్ భాషలో అచ్చువేసిన గ్రాడుస్ ఆద్ పర్నాసుమ్. గురువు చెబుతుంటే శిష్యుడు ప్రశ్నలడిగే పద్ధతిలో రాశాడు. అందులోని గురువు పాత్ర పాలస్త్రీనా, అంటే ఆ పుస్తకానికి నూటముప్ఫై ఏళ్ళ ముందే కన్నుమూసిన ఇటలీ స్వరకర్త. శిష్యుడు ఫుక్స్ తనే. స్వరకర్త హైడన్ ఈ పుస్తకం పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడు, బేతోవెన్‌కు పాఠం చెప్పేటప్పుడు దీన్నే వాడాడు. ఇందులో ఒక నియమం మనవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. రెండు గొంతులు పంచమం దూరంలో ఉండి, కలిసి ఒకే దిక్కుకు నడిచి మళ్ళీ పంచమం దూరంలోకే చేరకూడదు. ఎందుకంటే పంచమం అంతగా కలిసిపోయే స్వరం. తంబురాలో స, ప ఎలా కలిసిపోతాయో మనకు తెలుసు. ఇద్దరు గాయకులు అలా నడిస్తే ఇద్దరన్న సంగతే వినిపించదు.

మన మూడు కార్డ్‌లను ఈ నియమంతో పరీక్షిద్దాం. మొదటి కార్డ్‌లో మ, స మధ్య పంచమం దూరం. చివరి కార్డ్‌లో గ, ని మధ్య కూడా పంచమం దూరమే. రెండూ ఒకేసారి దిగి ఉంటే ఫుక్స్ ఎర్రసిరాతో కొట్టేసేవాడు. అయితే షడ్జం ముందు నిషాదానికి దిగి ఆగింది, మధ్యమం ఆ తర్వాత దిగింది. ఆ ఒక్క క్షణం ఎడం వల్ల గండం గడిచింది. జాజ్ వాళ్ళు ఈ నియమాన్ని పెద్దగా లెక్కచేయరనుకోండి, అది వేరే సంగతి.

గిటార్ దగ్గరికి వస్తే ఇంకో తంటా ఉంది. పియానో మీద ఒక స్వరానికి ఒకటే మెట్టు. గిటార్ మీద మొదటి తీగను ఖాళీగా మీటితే వచ్చే స్వరమే రెండో తీగ అయిదో ఫ్రెట్‌లో ఉంది, మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లో ఉంది, నాలుగో తీగ పద్నాలుగో ఫ్రెట్‌లోనూ ఉంది. ఎక్కడ వాయించాలో తర్వాత రాబోయే స్వరాన్ని చూసి తేల్చుకోవాలి. పైగా నాలుగు స్వరాల కార్డ్‌ను పియానో మీద పక్కపక్కనే నొక్కినట్టు ఇక్కడ నొక్కబోతే వేళ్ళు చీలిపోతాయి. దీనికి బిగ్ బ్యాండ్‌లలో సాక్సోఫోన్ వరసలకు పాటలు అమర్చేవాళ్ళ ఉపాయం ఒకటి గిటార్‌కు బాగా పనికొచ్చింది. పక్కపక్కనే ఉన్న నాలుగు స్వరాల్లో పైనుంచి రెండోదాన్ని తీసి ఒక స్థాయి కిందికి దించడం. డ్రాప్ టూ అంటారు. రి, మ, ద, స అని దగ్గరగా ఉన్నప్పుడు పైనుంచి రెండోది ద. దాన్ని దించితే ద, రి, మ, స. ఇందాక మనం మొదట వాయించిన కార్డ్ అదే.

కార్డ్ మెలొడీలో పేరెన్నదగిన అమెరికన్లు చాలామంది ఉన్నారు. జార్జ్ వాన్ ఎప్స్‌కు ఆరు తీగలు చాలక అడుగున బేస్ కోసం ఏడో తీగ కలిపించుకున్నాడు, ఆ గిటార్‌ను ఒళ్ళో పెట్టుకునే పియానో అనేవాడు. ఇండియానాపోలిస్‌కు చెందిన వెస్ మాంట్‌గోమరీ పిక్ వాడకుండా బొటనవేలితో మీటేవాడు. ఒక పాటను ముందు ఒక్కో స్వరంగా, తర్వాత రెండు స్థాయిల్లో జంటగా, చివరికి నిండు కార్డ్‌లుగా పెంచుకుంటూ పోవడం అతని తీరు. కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పుకుంటూ బతికిన టెడ్ గ్రీన్ 1971లో కార్డ్ కెమిస్ట్రీ అనే పుస్తకం వేశాడు. పేజీ తెరిస్తే ఎటు చూసినా కార్డ్ బొమ్మలే. ఇందాక బొమ్మల మీద విరుచుకుపడ్డాను కదా, ఈ పుస్తకాన్ని కూడా కొత్తవాళ్ళ చేతికి ఇవ్వను. అయితే ఆ బొమ్మల వెనకున్న మనిషి, జర్మన్ స్వరకర్త బాఖ్ నాలుగు గొంతులకు కట్టిన చర్చి పాటలను, అంటే కోరల్స్‌ను, నమిలి మింగినవాడు. 1977లో సోలో గిటార్ అనే ఒకే ఒక ఆల్బమ్ చేశాడు. బొమ్మల కన్నా ముందు అది వినండి.

ఒక్కరినే వినే తీరిక ఉంటే మాత్రం జో పాస్‌ను వినమంటాను. 1929లో పుట్టాడు, పెన్సిల్వేనియాలో ఉక్కు కర్మాగారాలున్న జాన్స్‌టౌన్‌లో పెరిగాడు. వయసులో ఉన్న ఏళ్ళు చాలావరకు మాదకద్రవ్యాల పాలయ్యాయి. సినానన్ అనే పునరావాస కేంద్రంలో చేరి అక్కడి తోటివాళ్ళతోనే 1962లో ఒక రికార్డు చేశాడు. 1973లో ఒక్క గిటార్, ఒక్క మనిషి, వెనక ఎవరూ లేకుండా వర్చుయోసో అనే ఆల్బమ్ రికార్డు చేశాడు. దాన్ని మొదటిసారి విన్నవాళ్ళకు ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నట్టుంటుంది. జాగ్రత్తగా వినండి. ప్రతి స్వరం కిందా కార్డ్ ఉండదు. ఒక కార్డ్ ఇస్తాడు, వదిలేస్తాడు. వరస నాలుగడుగులు ఒంటరిగా నడుస్తుంది. అది ఊపిరి తీసుకునే చోట అడుగు తీగ రెండు స్వరాలు పలుకుతుంది. వరస మళ్ళీ అందుకుంటుంది. మధ్యలో మోగని స్వరాలను మన చెవే నింపుకుంటుంది. ఒకసారి వినిపించిన గొంతు కాసేపు ఆగినా అక్కడే ఉందనుకుంటాం.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు సరిగ్గా దీని మీదే నమ్మకం ఉండదు. స్వరానికో కార్డ్ పెట్టేస్తారు. పాట మూటలు మోస్తున్న కూలీలా నడుస్తుంది. తాళంలో దెబ్బ పడే చోట, లేదా వరస ఆగే చోట కార్డ్ ఇవ్వండి, మిగతా చోట్ల వదిలేయండి. ఇంకో మాట, కుడిచేతి సంగతి. పిక్‌తో గీస్తే తీగలు ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి. వేళ్ళతో మీటితే నాలుగూ ఒకేసారి మోగుతాయి, పైతీగను ఉంగరపు వేలితో కాస్త గట్టిగా మీటి పాటను పైకి తేవచ్చు. కార్డ్ ఎంత అందమైనదైనా పాట దానికింద మునిగిపోతే దండగ.

ఇప్పుడు ఒక నిజమైన పాట మీద పని చేద్దాం. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాళ్ళ వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నోట్టుస్వరాలు అంటాం. పిల్లలకు నేర్పుతుంటారు. వాటిలో శ్యామలే మీనాక్షి అనేదాని వరస నర్సరీ పిల్లలందరికీ తెలిసిన ట్వింకిల్ ట్వింకిల్ వరసే. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి వరస అది. మొత్సార్ట్ అదే వరస మీద పియానోకు పన్నెండు రూపాలు రాశాడు, మన దీక్షితులవారు అమ్మవారి మీద సాహిత్యం రాశారు. దీక్షితులకు ఒక్క వరస చాలు. దాని కింద గొంతులు మనం పెట్టుకుందాం.

రెండో ముక్క తీసుకుంటాను, మధ్యమం నుంచి షడ్జానికి ఒక్కో మెట్టూ దిగే ముక్క. మూడు గొంతులే. మధ్యమం మొదటి తీగ ఒకటో ఫ్రెట్‌లో ఉంది. దాని కింద రెండో తీగ ఒకటో ఫ్రెట్‌లో స, మూడో తీగ రెండో ఫ్రెట్‌లో ద. గాంధారం మొదటి తీగ ఖాళీగా. స అలాగే ఉంటుంది, మూడో తీగ వేలు తీసేస్తే ప. రిషభం రెండో తీగ మూడో ఫ్రెట్‌లో. దాని కింద మూడో తీగ నాలుగో ఫ్రెట్‌లో ని, నాలుగో తీగ మూడో ఫ్రెట్‌లో మ. చివరికి షడ్జం రెండో తీగ ఒకటో ఫ్రెట్‌లో, కింద మూడో తీగ ఖాళీగా ప, నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో గ.

(గిటార్: నాలుగు కార్డ్‌లు, నెమ్మదిగా)

పై గొంతు మ గ రి స దిగుతుంటే అడుగు గొంతు ద ప మ గ అని పక్కనే దిగింది. మధ్య గొంతు స, స, ని, ప. ఇక్కడ ఒక అనుమానం రావాలి. నిషాదం వినగానే అది షడ్జానికి ఎక్కుతుందని చెవి ఎదురుచూస్తుంది, పుస్తకాలూ అదే చెబుతాయి. మరి ఇది పంచమానికి దిగిందేమిటి? షడ్జానికే వెళితే చివరి కార్డ్‌లో రెండు షడ్జాలు, ఒక గాంధారం మిగిలి బోసిగా ఉంటుంది. పై గొంతు ఎలాగూ షడ్జానికి చేరింది, చెవి ఎదురుచూసిన షడ్జం దానికి అక్కడ దొరికింది. కాబట్టి మధ్య గొంతు దిగినా ఎవరూ నొచ్చుకోరు. బాఖ్ తన కోరల్స్‌లో మధ్య గొంతులతో ఇలా చాలాచోట్ల చేశాడు. నియమం తెలిసి తప్పడమంటే ఇదీ.

ఇది వాయించి చూసినవాళ్ళలో తంబురా చెవి ఉన్నవాళ్ళకు ఒక ఇబ్బంది తోచవచ్చు. ట్యూనర్ పెట్టి శ్రుతి చూస్తే అన్ని తీగలూ సరిగ్గా ఉన్నాయంటుంది. సీ కార్డ్ మీటితే గాంధారం కాస్త హెచ్చుగా ఉన్నట్టు వినిపిస్తుంది. మీ చెవి తప్పేం లేదు. ఫ్రెట్‌లు స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి బిగించినవి. తంబురాలో అదంతట అది పలికే అంతర గాంధారం కన్నా గిటార్ గాంధారం దాదాపు పద్నాలుగు సెంట్లు ఎక్కువ, అంటే ఒక స్వరస్థానంలో ఏడో వంతు. దాన్ని సరిచేద్దామని తీగ దించితే సీ కార్డ్ తియ్యగా ఉంటుంది, ఇంకో కార్డ్ చెడిపోతుంది. అన్ని కార్డ్‌లూ ఒకే వాద్యం మీద వాయించాలంటే ఆ కాస్త చేదు మింగక తప్పదు.

ఫ్రెట్‌లున్న పాశ్చాత్య వాద్యంతో మనవాళ్ళు ఇంకో దారిలో ఎంత దూరం వెళ్ళారో చెప్పడానికి పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఒక్కరు చాలు. మాండొలిన్‌కు ఉండే జంట తీగలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టించుకుని, ఒకే వరసలో గమకమంతా పలికించారు. కార్డ్ మెలొడీ దానికి సరిగ్గా ఎదురు దారి. ఇక్కడ గమకం తగ్గించుకుని గొంతులు పెంచుకుంటాం. రెండూ ఒకేసారి కావాలంటే దొరకవు. ఇళయరాజా 1986లో త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన హౌ టు నేమ్ ఇట్ ఆల్బమ్‌లో ఈ రెండు దారుల మధ్యా నడిచి చూశారు. ఆయన స్వయంగా క్లాసికల్ గిటార్‌లో లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలు పాసైన మనిషి. సినిమా పాటల్లో కూడా ఆయన బేస్ గిటార్‌ను ఒక గొంతులా నడిపిస్తారు. ఈసారి ఆయన తెలుగు పాట ఏదైనా వింటే పాట వదిలేసి బేస్ వెంట పొండి.

ఏ రాగాలకు కార్డ్ మెలొడీ నప్పుతుందని అడుగుతారు. తోడిలో నేను చెయ్యను. అక్కడి గాంధారం నిలబడే స్వరం కాదు, ఊగే స్వరం. దానికింద ఫ్రెట్ మీద నిలిచిన కార్డ్ పెడితే రాగం గొంతు నొక్కినట్టే. మోహన బాగుంటుంది గానీ అందులో మ, ని లేవు, ఇందాక చెప్పిన బిగువు పుట్టేది ఆ రెంటి మధ్యే. అందుకని కార్డ్‌లు ఎటూ లాగకుండా తేలుతూ ఉంటాయి, అదొక అందం. కీరవాణి మాత్రం దీనికోసమే పుట్టినట్టుంటుంది. పాశ్చాత్యుల హార్మోనిక్ మైనర్ స్వరాలు అవే. సినిమావాళ్ళు దాన్ని అంతగా వాడుకోవడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది.

కీరవాణికి కొత్త పాఠం అక్కర్లేదు. ఇందాక రాసుకున్న మూడు కార్డ్‌లే తీసుకోండి. శంకరాభరణానికీ కీరవాణికీ తేడా ద, గ రెండే కదా, రెండూ ఒక్కో ఫ్రెట్ తగ్గుతాయి. కాబట్టి మొదటి రెండు కార్డ్‌లలో నాలుగో తీగను ఏడో ఫ్రెట్ బదులు ఆరో ఫ్రెట్‌లో పట్టుకోండి. చివరి కార్డ్‌లో రెండో తీగను అయిదు బదులు నాలుగో ఫ్రెట్‌లో పట్టుకోండి. ఇక్కడ చూపుడువేలు అడ్డంగా పరవనక్కర్లేదు, అది రెండో తీగ మీదికి వెళుతుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు నాలుగు, మూడు తీగలకు అయిదో ఫ్రెట్‌లో. చిటికెన వేలు మాత్రం మళ్ళీ ఏడో ఫ్రెట్‌లోనే, కదలకుండా. వాయించి, నాలుగు గొంతులూ విడివిడిగా పాడి చూసుకోండి. స ని, ద ప, మ గ, రి స, ఈసారి కీరవాణిలో.

(గిటార్: కీరవాణిలో మూడు కార్డ్‌లు, రెండుసార్లు)